గుర్రాల లెక్క

భాస్కరాచార్యుని ‘బీజగణితం’లో ఒక చిన్న లెక్క ఉంది. ఒకాయన దగ్గర ఆరు గుర్రాలు, 300 రొక్కం ఉన్నాయి. ఇంకొకాయనకు పది గుర్రాలున్నా 100 అప్పుంది. గుర్రాలన్నిటి వెలా ఒకటే. ఇద్దరి ఆస్తీ సమానమైతే గుర్రం వెల ఎంత?

పన్నెండో శతాబ్దపు ఈ లెక్కలో వృథా మాట లేదు. ‘వెల ఒకటే’ అన్న షరతు తీసేస్తే పదహారు గుర్రాలకు పదహారు అవ్యక్తరాశులు కావాలి. ఆ షరతుతో ఒక్కటే సరిపోయింది. ‘సమానం’ అన్న మాట సమీకరణాన్ని నిలబెట్టింది. ఇక అప్పు సంగతి. ధన, ఋణ సంఖ్యల సూత్రాలను బ్రహ్మగుప్తుడు 628లోనే చెప్పాడు. అందుకే కథలోని అప్పు గుర్తులోకి మారడానికి మధ్యలో ఏ మెట్టూ అక్కర్లేదు. అది ఋణమే.

రాత ఇంకా ముచ్చటగా ఉంటుంది. తెలియని వెల ‘యావత్తావత్’, పొట్టిగా ‘యా’. తెలిసిన సంఖ్య ‘రూపం’, పొట్టిగా ‘రూ’. పై వరుసలో యా 6 రూ 300, దాని కింద యా 10 రూ 100. ఋణమని తెలిసేలా ఆ 100 మీద ఒక చుక్క. ఇంకో అవ్యక్తం వస్తే కాలకం, ఆపైన నీలకం, పీతకం అంటూ రంగుల పేర్లు.

ఇప్పుడు పదిలోంచి ఆరు తీస్తే యా 4. మరోపక్క 300లోంచి ఋణ 100 తీయాలి. బడిపిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. అప్పు తీసేస్తే ఆస్తి పెరుగుతుందని కథే చెబుతోంది కదా! 400 వస్తుంది. నాలుగు గుర్రాలకు 400, గుర్రానికి 100. సరిచూస్తే ఇద్దరికీ 900.

భాస్కరుడు అక్కడితో ఆగలేదు. అవే గుర్రాలు, అదే రొక్కం ఉంచి షరతు మార్చాడు. మొదటివాడి ఆస్తి రెండోవాడి ఆస్తికి మూడు రెట్లయితే? అప్పు కూడా మూడింతలై 300 అవుతుంది. 24 గుర్రాలకు 600, వెల 25. మొదటివాడి ఆస్తిలో సగానికి రెండు కలిపితే రెండోవాడి ఆస్తి అయితే? ఏడు గుర్రాలకు 252, వెల 36.

ఆ ‘రెండు’ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అది లేకపోతే 250ని ఏడుతో భాగించాలి, శేషం లేకుండా పోదు.