సున్నా టికెట్టు వెనక

"రిటైరయ్యాక తీరిగ్గా రాసుకుందువులే తల్లీ" అన్నారు మా స్టాఫ్‌రూములో పెద్దావిడ ఒకరు. ప్రేమగానే అన్నారు. నాకు మాత్రం కారా మాస్టారు గుర్తొచ్చారు.

కాళీపట్నం రామారావు గారు 1948 నుంచి 1979 దాకా విశాఖ సెంట్ ఆంథోనీస్ హైస్కూల్లో టీచరు. 'యజ్ఞం'తో సహా ఆయనకి పేరు తెచ్చిన కథలు దాదాపు అన్నీ ఆ నౌకరీలో ఉండగా రాసినవే. తీరా రిటైరై తీరిక చేతికొచ్చాక సొంత కథలు అరుదైపోయాయి. ఆ తీరికంతా ఇతరుల కథలు పోగుచెయ్యడానికి పెట్టి, 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. తీరికకీ రాతకీ మనం అనుకునేంత చుట్టరికం లేదన్నమాట.

సెలవు రోజు సంగతీ అంతే. నర్సీపట్నం రోడ్డు స్టేషన్లో దిగినవాళ్లకి తెలుస్తుంది: పేరు మా ఊరిదే, ఊరు మాత్రం ఇంకా బోలెడు దూరం. నా ఆదివారం కూడా అలాంటిదే. ఇడ్లీ పిండి, పిల్లల యూనిఫారాలు, ఎవరింట్లోనో వ్రతం భోజనం... అన్నీ అయ్యేసరికి చీకటి.

అందుకే నా రాతంతా మాకవరపాలెంలో బడికి వెళ్లే బస్సులో. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ ప్రయాణం ఉచితమయ్యాక సీటు దొరికితే పండగే. అబీద్ సెంటర్ దాటేదాకా కాళ్లు నిలదొక్కుకోవడంతోనే సరి. ఆ కుదుపుల్లో కలం ఎలాగూ నిలవదు. అంచేత మనసులో ఒక్క సంభాషణే పట్టుకుని తిప్పుతుంటాను. ఈవిడ ఏమంటుంది, దానికి ఆయన ఏమని ఎదురంటాడు. రెండు మాటలు కుదిరాయా, బస్సు దిగి, బెల్లు కొట్టేలోగా, ఛార్జీ లేదని కండక్టరిచ్చిన సున్నా టికెట్టు వెనక గీకేస్తాను. మెషిన్ అచ్చు కొన్నాళ్లకి వెలిసిపోతుంది గానీ బాల్‌పెన్ను రాత ఉంటుంది. రాత్రి నోట్‌బుక్కులోకి ఎక్కించేటప్పుడు సగం కొట్టేస్తాను.

మొన్నామధ్య ఒక అత్తగారి పాత్ర ఎంతకీ నోరు విప్పలేదు. బస్సులో నా వెనక, జీడిపిక్కల మూట ఒళ్లో పెట్టుకున్న ముసలమ్మ కండక్టరుతో తగువేసుకుంది. "మూటకి టిక్కెట్టేటి బాబూ? అదేటి తింటాదా, తొంగుంటాదా?" అత్తగారికి గొంతు దొరికింది. ఇంట్లో తలుపేసుకుని బల్ల ముందు కూర్చుంటే ఆ మాట వచ్చేదా?

మాటల కోసం దీక్ష అంటే గిడుగు రామమూర్తి గారిది. పర్లాకిమిడిలో పంతులుగా చేస్తూనే సవర భాష నేర్చారు, ఆ భాష తెలిసిన మనిషిని ఇంట్లోనే ఉంచుకుని మరీ. ఏళ్ల తరబడి సాగిన పని అది. నిఘంటువు దాకా వెళ్లింది. ఆ ఇంట్లో అదనపు విస్తరి వేసినవాళ్లకీ ఆ నిఘంటువులో వాటా ఉందని నా లెక్క. బస్సులో మాట దొరికించుకోవడం నా ఒక్కదాని పని. రాత్రి దాన్ని శుభ్రంగా ఎక్కించాలంటే మాత్రం ఇంట్లో ఇంకొకరు పని అందుకోవాలి.

మా ఇంట్లో ఆ పంచాయితీ ఈమధ్యే తెగింది. భోజనాలయ్యాక గిన్నెలు మా ఆయనవి, ఆ కాసేపు నాది. మొదట్లో వంటింట్లోంచి "కుక్కరు మూత ఎక్కడ పెడతావ్?" అని కేక వినిపించేది. ఇప్పుడు లేదు. మూత దొరికిందో, కుక్కరు కడగడమే మానేశారో నేనూ అడగలేదు.