ఫొటో కింద పేర్లు

హైదరాబాద్‌లో పీఆర్ ఉద్యోగంలో చేరి ఏడాది నిండింది. పలకరింపులూ ఫోన్లూ మాత్రమే ఈ పని అనుకుని వచ్చాను.

నా మొదటి ప్రెస్‌నోట్ 4 పేజీలు. మా సీనియర్ అక్క ఎర్ర పెన్ను తీసి, మొదటి పేరాలోని 'అత్యద్భుత', 'అపూర్వ' కొట్టేసింది. "ఎవరు, ఎప్పుడు, ఎక్కడ... ముందు ఇవి చెప్పు నాన్నా. పొగడ్తలు పత్రిక డెస్కులో ఎలాగూ ఎగిరిపోతాయి" అంది. చివరికి ఒక్క పేజీ మిగిలింది. తర్వాత దాంతో పాటు పంపే ఫొటోలో నిలబడ్డ ఏడుగురి ఇంటిపేర్లూ ఫోన్ చేసి మరీ సరిచూసింది. నోట్‌ను ఒక పత్రికకు అను ఫాంట్‌లో, మరొకదానికి యూనికోడ్‌లో పంపింది. జిల్లా పేజీలు ముందే మూసేస్తారని అన్నీ సాయంత్రంలోపే ముగించింది. ఆ ఓపిక చూసి నాకు ఈ వృత్తి మీద గౌరవం పుట్టింది.

ఒక క్లయింటు దగ్గర పొరపాటు జరిగినప్పుడు, విలేకరుల ఫోన్లు ఎత్తొద్దని వాళ్లు అన్నారు. అక్క ఒప్పుకోలేదు. జరిగింది జరిగినట్టు చెప్పించింది. 1906లో అమెరికాలో అట్లాంటిక్ సిటీ రైలు ప్రమాదం జరిగినప్పుడు పీఆర్ నిపుణుడు ఐవీ లీ చేసిందీ ఇదే. రైల్వే కంపెనీ చేత నిజం చెప్పించి, విలేకరులను ప్రమాద స్థలానికి పంపించాడు. నా దృష్టిలో ఈ వృత్తికి పరువు తెచ్చింది ఆ పని.

రేపు పేపర్లో ఏదైనా సభ ఫొటో కనిపిస్తే, కింద 'ఎడమ నుంచి కుడికి' అన్న వరుస కూడా చదవండి. ఆ పేర్లను ఎవరో ఒక్కొక్కటిగా అడిగి రాశారు.