చిల్లర దేవుళ్లు: గడీలో అధికారం

నిజాం కాలపు తెలంగాణలో ప్రజల భాష తెలుగు, పాలనాభాష ఉర్దూ. అందువల్ల అసమానతకు మూలం దర్బారులోని మతమూ భాషా మాత్రమేనని తోస్తుంది. దాశరథి రంగాచార్య నవల ‘చిల్లర దేవుళ్లు’ మన చూపును దర్బారు నుంచి గడీకి మళ్లిస్తుంది. పల్లెను శాసించే దేశ్‌ముఖ్, కరణం తెలుగువారే. శీర్షికలోని ‘చిల్లర’ పెద్ద ప్రభువు నీడలో పెరిగిన ఈ చిన్న ప్రభువులనే సూచిస్తుంది.

చరిత్ర ఈ చిత్రణను బలపరుస్తుంది. తిరుమలగిరికి దూరం కాని కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య బలైంది విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాలకే. కాబట్టి పాలకుల్లో మనవారు ఎందరన్న లెక్క ఒక్కటే చాలదు. ఆ మనవారు ఎవరి చేత వెట్టి చేయించుకున్నారన్నది కూడా అడగాలి. నవలను ఈ ప్రశ్నతో చదవండి.