మార్తాస్ విన్యార్డు బధిరులు: ఒక గ్రంథవిమర్శ

అమెరికా తూర్పుతీరమున మాసచూసెట్సు ఆంగ్లేయుల వలసరాజ్యముగా నుండిన కాలముననే, దానికిఁ జేరిన మార్తాస్ విన్యార్డు ద్వీపమునందుఁ బుట్టుచెవుడు వంశానుగతముగా వ్యాపింప మొదలిడెను. నోరా ఎలెన్ గ్రోసు 1985లోఁ బ్రకటించిన ‘ఎవ్రివన్ హియర్ స్పోక్ సైన్ లాంగ్వేజ్’ అను గ్రంథమున కిదియే విషయము. ఇచటివా రందఱును సైగభాష నాడిరని యా నామమున కర్థము. 19వ శతాబ్దమున అమెరికా దేశమందు 5,728 మందికి నొక్కరు బధిరులు కాఁగా, ద్వీపమునందు 155 మందికి నొక్కరుండిరని గ్రంథకర్త్రి లెక్క.

అచటి బధిరులు ఇరుగుపొరుగువారివలెనే వివాహములాడిరి, భూములు సంపాదించిరి, గ్రామకార్యములఁ బాల్గొనిరి. వినఁగలవారును బాల్యముననే సైగలు నేర్చిరి. చెవిలోని కొఱఁత వైకల్యమగుటయుఁ గాకుండుటయు సంఘముపై నాధారపడునను గ్రంథసిద్ధాంతము మిక్కిలి విలువగలది.

అయినను ‘అందఱు’ అను పదము పరీక్షింపఁదగినది. ఈ వంశానుగత బధిరులలోఁ గడపటివారు 1952లో మరణించిరి. గ్రోసు పరిశోధన అటుపిమ్మట సుమారు పాతికయేండ్లకు సాగినది. కావున నందలి ముఖ్యసాక్షులు వినఁగల వృద్ధులు. వారి జ్ఞాపకము 19వ శతాబ్దపుఁ గడభాగమును దాఁటదు. అంతకు మున్నుటి కాలమునకుఁ బత్రములే శరణ్యము.

అట్టి పత్రములలో నొకటి న్యాయాధిపతి సామ్యుయెల్ సూయల్ దినచర్య. 1714లో నాతఁడు ద్వీపమునకుఁ బోయినపుడు, కూడ నున్న యొక యాంగ్లేయుఁడు పలుకకుండుటకుఁ గినుక పూనఁబోయి, పిదప నాతఁడు చెవిటియు మూఁగయు నని తెలిసికొనెను. ఆతఁడే జోనాథన్ లాంబర్టు. ద్వీపచరిత్రమునఁ బేరు దెలిసిన తొలి బధిరుఁడు. పైనుండి వచ్చినవానికి మౌనము అవినయముగాఁ దోఁచినది. లాంబర్టు చేతులతో నేమి చెప్పెనో, ఎవరు దానిని గ్రహించిరో యా దినచర్య చెప్పదు. ఒక మనుష్యుని జీవితములోఁ జరిత్ర కెక్కినది, ఇతరులు వినఁజాలని భాగము మాత్రమే.

‘చెవిటివాని ముందు శంఖ మూఁదినట్లు’ అను తెలుఁగు సామెతయు నిట్టిదే. శంఖమూఁదువాని యవివేక మందుఁ జర్చకు రాదు. గ్రోసు గ్రంథ మీ దృష్టిని దలక్రిందు చేసినది, అందులకు శ్లాఘనీయము. కాని బధిరుల సుఖమునకు వినఁగలవారి సాక్ష్యమే ప్రమాణమైనచో, సూయల్ విడిచిన ఖాళీ పూరింపఁబడినట్లు కాదు. ‘అందఱు’ అను మాట 19వ శతాబ్దమునకుఁ జెల్లవచ్చును. 1714 నాఁటి లాంబర్టునకు సైతము చెల్లునని నిరూపింపఁబడలేదు.