ఉడుకునీళ్లలో దొరికే కొస

హిందూపురం గూళ్ల మార్కెట్‌లో వేలం పాడి కొన్న పట్టుగూటి లోపల పురుగు ఇంకా బతికే ఉంటుంది. అల్లడం మొదలుపెట్టిన పది పన్నెండు రోజులకు అది రెక్కలు తొడుక్కుని గూటిని చీల్చుకొని బయటికొస్తుంది. రైతు చంద్రికల (పురుగులు గూళ్లల్లే తట్టల) మీంచి గూళ్లు దించి, సంచులకెత్తి, మార్కెట్‌కు తెచ్చేసరికే అందులో సగానికి పైగా గడిచిపోతుంది. చీలిన గూటి నుంచి పోగు తీయలేం, అది వ్యర్థంలో కలిసిపోవలసిందే. అంటే గూటి నుంచి పోగు తీసే రీలరుకు మిగిలేది రెండు మూడు రోజులు. ఆలోపు ఆవిరి పెట్టో, వేడిగాలి పట్టించో లోపలి పురుగును (ప్యూపాను) చంపాలి, గూడు ఆరబెట్టాలి. వేలంలో పది రూపాయలు కలిసొచ్చిందన్న సంబరం ఆవిరి సరిగా తగలని ఒక్క బుట్టతో తీరిపోతుంది.

శ్రీ సత్యసాయి జిల్లాలో పట్టు ఊసెత్తితే మాట నేరుగా ధర్మవరం మగ్గం దగ్గరికి పోతుంది. పోవడంలో తప్పు లేదు. ధర్మవరం చేనేత పట్టుచీరలకూ పావడాలకూ జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది. పెనుకొండ కేంద్రంగా అధికారం చేసిన విరూపణ్ణ, ఆయన సోదరుడు వీరణ్ణ 16వ శతాబ్దంలో కట్టించిన లేపాక్షి గుడి పైకప్పు చిత్రాల్లో ఉన్న చీరల అంచుల్ని నేతగాళ్లు ఇప్పటికీ మగ్గానికి ఎక్కిస్తున్నారు. కానీ ఆ అంచు పక్కన ఒంటిరంగు నేత నున్నగా ఉంటుందా, చారలు పడుతుందా అన్నది చాలావరకు రీలింగ్ షెడ్డులోనే తేలిపోతుంది. ఆ షెడ్డులో పనిచేసేవాళ్లకు పేరు లేదు, ఫొటో లేదు. పద్ధతిగా నేర్పే బడి కూడా చాలామందికి అందుబాటులో లేదు.

గూడంటే తెగకుండా చుట్టిన ఒకే ఒక్క పోగు. ఇక్కడ ఎక్కువగా పండే పసుపుపచ్చ క్రాస్ బ్రీడ్ (సంకర రకం) గూట్లో అది ఆరేడు వందల మీటర్లు వస్తుంది. తెల్లటి బైవోల్టిన్ రకం గూడు మంచిదైతే వెయ్యి మీటర్లకు అటూ ఇటూ. పోగును పొరలుగా అంటించి ఉంచేది సెరిసిన్ అనే జిగురు, గూటి పట్టులో అది దాదాపు నాలుగో వంతు. ఉడకబెట్టేది ఆ జిగురును మెత్తబరచడానికే గానీ కడిగేయడానికి కాదు. ముందు గోరువెచ్చని నీళ్లు, తర్వాత 90 నుంచి 95 డిగ్రీలు, మళ్లీ కాస్త చల్లటివి, ఒక్కోదాంట్లో ఒకటి రెండు నిమిషాలే. ఉడుకు చాలకపోతే పోగు మాటిమాటికీ తెగుతుంది. మించితే పొరలు ఒక్కసారిగా జారి ఉండలు కడతాయి, తరుగు పెరుగుతుంది. చరఖా మీదైతే గూడు తేలుతుంటే చాలు. ఒకేసారి చాలా దారాలు తీసే మల్టీఎండ్ బేసిన్‌లో గూడు లోపలికి నీరు నిండి మునగాలి. సంగటి ఉడికిందో లేదో తెడ్డు పట్టిన చేతికి తెలిసినట్టు, అనుభవమున్న మనిషికి గూటిని వేళ్లతో నొక్కితే తెలిసిపోతుంది. చిక్కేమిటంటే, ఆ మనిషి సెలవు పెట్టిన రోజున షెడ్డులో ఎవరికీ తెలియదు.

అన్నిటికన్నా సూక్ష్మమైన పని ఆ తర్వాతే. ఉడికిన గూళ్లను బ్రష్‌తో నిమిరి కొసలు పట్టి, ఎనిమిదీ పదీ కలిపి బటన్ రంధ్రంలోంచి లాగుతారు. పోగుల్ని ఒకదానికొకటి మెలిపెట్టడంతో నీరు పిండుకుపోయి దారం గుండ్రంగా తేలుతుంది. 20 నుంచి 22 డెనియర్ల దారం ఇలా వస్తుంది; డెనియరంటే దారం లావుకు కొలత. గూటిపోగు మొదటి నుంచి చివరి దాకా ఒకే లావుండదు, లోపలి పొరలకు పోయేకొద్దీ సన్నబడుతుంది. ఎనిమిదీ కొత్త గూళ్లే అయితే దారం లావు, ఎనిమిదీ అయిపోవస్తున్నవే అయితే సన్నం. కొత్తవీ సగమైనవీ ఎప్పుడూ కలిసి ఉండేలా చూసుకుంటూ, ఒకటి అయిపోయిన క్షణంలో ఇంకోదాని కొసను విసిరి అతికించాలి. ఈ పని చేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. చేతులు రోజంతా వేడినీళ్లలో నాని చర్మం ఒరిసిపోతుంది, ప్యూపా వాసన, ఆవిరి ఊపిరికి పడవు. ఇంత లెక్క వేళ్లమీద నడిపేవాళ్లను కూలీలనే అంటాం.

ఆటోమేటిక్ రీలింగ్ యంత్రం వస్తే ఇదంతా తీరిపోతుందని ఒక నమ్మకం ఉంది. పోగు సన్నబడిందని యంత్రమే గుర్తించి కొత్త గూటిని అందిస్తుంది, నిజమే. అయితే దానికి ఒకే తీరు గూళ్లు కావాలి. మచ్చలవీ, పలచబడ్డవీ, రెండు పురుగులు కలిసి అల్లిన జంట గూళ్లూ ముందే ఏరెయ్యాలి. ఉడుకు ప్రతి విడతకూ ఒకేలా ఉండాలి. నేర్పు పోదు, ఏరే బల్ల దగ్గరికీ బాయిలర్ దగ్గరికీ జరుగుతుంది. యంత్రం మీద సబ్సిడీ ఎంతని అడిగేవాళ్లే తప్ప, దాన్ని నడిపే మనిషికి ఎన్నాళ్లు నేర్పాలని అడిగేవాళ్లు తక్కువ. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో మొదలైన కియా ప్లాంటులో శిక్షణ లేని మనిషిని లైను మీద నిలబెడతారా? పట్టు షెడ్డులో రెండో రోజే బేసిన్ ముందు కూర్చోబెడతాం.

నష్టమెంతో రీలర్ల భాషలోనే చెప్పుకోవచ్చు. కిలో పట్టుకు ఎన్ని కిలోల గూళ్లు పట్టాయో దాన్ని రెండిట్టా అంటారు. రెండిట్టా ఏడైతే వంద కిలోల గూళ్లకు 14.3 కిలోల పట్టు, ఆరున్నరైతే 15.4 కిలోలు. అవే గూళ్లు, అదే కట్టెల ఖర్చు, కిలో పైచిలుకు పట్టు తేడా. రకం మంచిదైతే రెండిట్టా దానంతటదే కొంత తగ్గుతుంది. జపాన్ సాయంతో 1991లో మొదలైన బైవోల్టిన్ పథకం దక్షిణాది రైతులకు ఇచ్చింది అదే. హిందూపురం పక్కనే కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ పురుగు రకాల మీద పనిచేస్తోంది. రీలింగ్ శాస్త్రానికి 1983 నుంచి బెంగళూరులో కేంద్ర సంస్థ ఉంది. రైలెక్కితే పూటలో చేరే దూరమే. అక్కడి థర్మామీటరూ నీటి పరీక్షా ఇక్కడి షెడ్లలో అలవాటు కావాలి. ఈ సీమలో బోరునీళ్లు చాలాచోట్ల కఠినం. కఠిన జలంలో జిగురు సరిగా మెత్తబడదు, దారం రంగు మందగిస్తుంది. నీళ్లను పరీక్షించకుండా మనిషికి చేత కాదనడం అన్యాయం.

ఈ దారం ధర్మవరం చేరి, మెలివేయించుకుని, సబ్బునీళ్లలో జిగురు వదిలించుకుని, రంగెక్కి పడుగుగా మారాక గానీ లోపాలు బయటపడవు. రంగు ఏ తప్పునూ దాచదు, లావు సన్నాలు చారలై కనబడతాయి. పడుగు పోగు తెగినప్పుడల్లా నేతగాడు మగ్గం ఆపి ముడివేస్తాడు. అతనికి కూలి చీరకే గానీ ముడికి కాదు. పడుగుకు చైనా దారమే కావాలని వ్యాపారులు అడగడానికి ఒక కారణం ఈ ముడులే. పోగు ఎక్కడ తెగుతోందో నేతగాడికి తెలుసు, గూడు ఎలా ఉడికిందో రీలరుకు తెలుసు. మధ్యలో దళారీ, మెలివేసే ఫ్యాక్టరీ, అద్దకంవాళ్లు ఉండటంతో ఈ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడరు. ప్రతి హ్యాంకుకూ (దారపు చిలపకూ) షెడ్డు పేరు, గూళ్లు కొన్న తేదీ, ఉడికించినవాళ్ల పేరు రాసిన చీటీ కట్టి, అద్దకం దాకా దాని లెక్క తప్పకుండా చూస్తే, ధర్మవరంలో తెగిన పోగు హిందూపురంలో ఏ బేసిన్‌దో చెప్పొచ్చు, ఆ బేసిన్ దగ్గర ఏం నేర్పాలో కూడా.