పాత ఫాక్స్‌ప్రోకి కొత్త క్యూఆర్ కోడ్

విజయవాడలో హోల్‌సేల్ మందుల దుకాణాలకు బిల్లింగ్ ప్రోగ్రాములు చూసిపెట్టడం నా పని. వాటిలో చాలావరకు మైక్రోసాఫ్ట్ వారి పాత డేటాబేస్ భాష విజువల్ ఫాక్స్‌ప్రోలో రాసినవే. దాని చివరి వెర్షన్, తొమ్మిదోది, 2004 డిసెంబరులో వచ్చింది. పదోది ఉండదని మైక్రోసాఫ్ట్ 2007లోనే చెప్పేసింది. 2015 జనవరితో సపోర్టు కూడా ఆపేసింది. దుకాణాలకు మాత్రం ఈ కబురు అందినట్టు లేదు. గుమస్తా ఇప్పటికీ మౌస్ ముట్టకుండా బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, ఫ్రీ స్ట్రిప్పులతో సహా చకచకా బిల్లు కొట్టేస్తాడు.

తంటా జీఎస్టీ ఈ-ఇన్‌వాయిస్‌తో మొదలైంది. 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవరు దాటినవాళ్లకు పెట్టిన నిబంధన, 2023 ఆగస్టుకల్లా 5 కోట్లు దాటినవాళ్లదాకా దిగింది. బిల్లును జేసన్‌గా మార్చి ప్రభుత్వ పోర్టల్‌కి పంపాలి. అక్కణ్ణుంచి 64 అక్షరాల ఐఆర్‌ఎన్ (ఇన్‌వాయిస్ రిఫరెన్స్ నంబరు), డిజిటల్ సంతకమున్న క్యూఆర్ కోడ్ వస్తాయి. ఆ కోడ్ బిల్లు మీద అచ్చు కావాలి. నేరుగా ఏపీఐతో మాట్లాడాలంటే ఆర్‌ఎస్‌ఏ, ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్లు కూడా తెలియాలి. ఫాక్స్‌ప్రోకి ఇవేవీ సొంతంగా రావు.

మొత్తం తీసేసి కొత్తది రాయించుకోమని సలహా ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. కానీ ఏ కంపెనీ స్కీము ఏ పార్టీకి వర్తిస్తుంది, ఎక్స్‌పైరీ సరుకు వెనక్కొస్తే ఎంత తగ్గించాలి అనే లెక్కలన్నీ ఆ పాత కోడ్‌లోనే ఉన్నాయి, ఇంకే కాగితం మీదా లేవు. కొత్తది రాసేవాడికి అవన్నీ ఎవరు చెబుతారు?

అందుకే ఫాక్స్‌ప్రోకి చేతకాని పనిని డాట్‌నెట్‌లో చిన్న డీఎల్‌ఎల్‌గా రాసి, విండోస్ ప్రోగ్రాములను కలిపే కామ్ (COM) ద్వారా దానికి అందిస్తాం. వినడానికి ఇంతే. కానీ ఫాక్స్‌ప్రో 32 బిట్‌ది, నేటి విండోస్ 64 బిట్‌ది. డీఎల్‌ఎల్‌ని రిజిస్టర్ చేసే రెగ్‌ఆజ్మ్ రెండు ఫోల్డర్లలో రెండు రకాలుగా ఉంటుంది. ‘ఫ్రేమ్‌వర్క్64’లోది వాడితే అంతా సవ్యంగా జరిగినట్టే చెబుతుంది, కానీ ఫాక్స్‌ప్రో మాత్రం క్లాస్ డెఫినిషన్ దొరకలేదంటుంది. పైగా విండోస్‌లో ‘సిస్టమ్32’ అనే ఫోల్డర్‌లో 64 బిట్ ఫైళ్లు, ‘సిస్‌వావ్64’లో 32 బిట్ ఫైళ్లు ఉంటాయి. ఆ పేర్లు ఖాయం చేసినవాళ్లకో దండం!

అది దాటాక ఫాక్స్‌ప్రో వైపు ఇరుకు బయటపడుతుంది. ఐఆర్‌ఎన్ మామూలు క్యారెక్టర్ ఫీల్డులో సరిపోతుంది. క్యూఆర్ పాఠం సరిపోదు. ఫాక్స్‌ప్రోలో క్యారెక్టర్ ఫీల్డు 254 అక్షరాలకు మించదు, కాబట్టి మెమో ఫీల్డు పెట్టాలి. కస్టమర్ పేరు తెలుగులో ఉంటే మరో చిక్కు. ఫాక్స్‌ప్రోకి యూనికోడ్ తెలియదు, కామ్ గడప దాటేసరికి పేరంతా ప్రశ్నార్థకాలైపోతుంది. సిస్(3101) ఫంక్షన్‌తో కోడ్‌పేజీని 65001కి మారిస్తే అక్షరాలు యూటీఎఫ్-8గా భద్రంగా వచ్చి చేరతాయి. తెర మీద చదవడానికి రావు, అంతే. పేరుని దాచి తిరిగి పంపడానికి అది చాలు.

ఈ పనిలో నేను పట్టుబట్టేది ఒకటే. డీఎల్‌ఎల్‌కి బిల్లు గురించి ఏమీ తెలియకూడదు, ఫాక్స్‌ప్రోకి ఎన్‌క్రిప్షన్ గురించి ఏమీ తెలియకూడదు. ఒక పాఠం వెళ్తుంది, ఒక పాఠం వస్తుంది. తప్పు జరిగినా అది మామూలు వాక్యంగానే రావాలి. లేకపోతే గుమస్తా ముందు ఓఎల్‌ఈ ఎర్రర్ నంబరు వెలుస్తుంది, ఆయన నాకు ఫోన్ చేస్తాడు. నెట్ పోతే బిల్లు సేవ్ అవ్వాలి, ప్రింటు మాత్రం ఐఆర్‌ఎన్ వచ్చేదాకా ఆగాలి. ఇలా విడదీసి ఉంచితే రేపు పోర్టల్ పద్ధతి మారినా డీఎల్‌ఎల్ ఒక్కటే మారుతుంది. "కీలు మాత్రం మార్చకు బాబూ" అని ఒక పెద్ద గుమస్తా గారు అడిగారు. కీబోర్డు మీద ఒక్క కీ కూడా మారలేదు.

దీనికీ హద్దుంది. ఫాక్స్‌ప్రో డేటా ఉండే డీబీఎఫ్ ఫైలు 2 జీబీకి చేరితే ఏ డీఎల్‌ఎల్ కాపాడదు. అప్పుడు డేటాను ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి తరలించాల్సిందే.

మీ దుకాణంలో ఇలాంటి ప్రోగ్రాము ఉంటే, దాని సోర్స్ కోడ్ ఎవరి దగ్గరుందో ఈ వారమే కనుక్కోండి. ఏయే డీఎల్‌ఎల్‌లు, ఏ కమాండ్‌తో రిజిస్టర్ చేశారో రాయించి, ఆ కాగితాన్ని జీఎస్టీ సర్టిఫికెట్‌తో పాటు ఫైల్లో పెట్టండి.