గూఢచారి చేతిరాత

జాన్ లె కారే అసలు పేరు డేవిడ్ కార్న్‌వెల్. బ్రిటిష్ గూఢచార సంస్థలు ఎంఐ5, ఎంఐ6లలో పనిచేశారు. ఉద్యోగులు సొంత పేరుతో నవలలు వేయకూడదు కాబట్టి మారుపేరు పెట్టుకున్నారు. లండన్ ఆఫీసుకు వెళ్లే రైల్లో, చిన్న నోటుబుక్కుల్లో రాసుకున్న తొలి నవల 1961లో వచ్చింది. 1963లో వచ్చిన ‘ద స్పై హూ కేమ్ ఇన్ ఫ్రమ్ ద కోల్డ్’ దేశదేశాల్లో పేరు తెచ్చింది. మరుసటి ఏడాది కొలువు వదిలేశారు.

ఆయన పనితనమంటే నాకు ఎనలేని గౌరవం. చేత్తో రాసేవారు. భార్య జేన్ టైపు చేసేవారు. ఆ కాగితాలను కత్తిరించి, కొత్త పేరాలు చేర్చి, పిన్ కొట్టి మళ్లీ టైపుకు ఇచ్చేవారు. ఒక్కో నవల ఇలా ఎన్నో ప్రతులు దాటాకే అచ్చుకు వెళ్లేది. ఆ కాగితాల కట్టలు ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్నాయి.

గూఢచారికి కావలసినవి చురుకైన చెవి, ఓపిక, ఎదుటి మనిషి భయాన్ని పసిగట్టే చూపు. లె కారే వాటినే నవలకు పెట్టుబడిగా పెట్టారు. ఆయన సృష్టించిన జార్జ్ స్మైలీ పొట్టిగా, బొద్దుగా ఉండే మనిషి. తుపాకీ కన్నా పాత ఫైళ్లనే ఎక్కువ నమ్ముకుంటాడు. గెలిచినా, ఆ గెలుపు కోసం ఎవరు బలయ్యారో మరిచిపోడు. శత్రువు తప్పులు ఎంచడం ఎవరికైనా వచ్చు. తాను కొలిచిన కొలువు చేసే అన్యాయాన్ని కూడా నిజాయితీగా రాసినందుకు ఈ రచయితకు చేతులెత్తి మొక్కుతాను.